పెద్దమ్మాయి ఫేర్‌వెల్ డిన్నర్‌కి వెళ్లనా, షుగరున్న బాబు దగ్గర ఉండిపోనా?

ప్రశ్న: మాది పాతగుంటూరు. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తా. పెద్దమ్మాయి పదో తరగతి, బాబు ఒకటో తరగతి. మొన్న దసరా సెలవుల్లో బాబుకి టైప్ వన్ షుగర్ అని తేలింది. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు, మూడు పూటలా తినబోయే ముందు ఒకటి, రాత్రి పడుకునే ముందు ఇంకొకటి. అన్నీ నేనే వేస్తాను. అప్పటినుంచి వాణ్ని వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. ఈ నెలాఖరు శనివారం పెద్దమ్మాయి స్కూలు వాళ్లు టెన్త్ పిల్లలకి ఫేర్‌వెల్ డిన్నర్ పెట్టారు. అమరావతి రోడ్డులో ఫంక్షన్ హాలు, ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. పిల్లలు అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాలట. మా వారు సీజన్ కాబట్టి రాత్రి పదికి గానీ ఇంటికి రారు. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకీ షుగరే, మాత్రలు వేసుకుంటారు, రోజూ మెషీన్‌లో చూసుకుంటారు. బాబుకి సూది వేయమంటే మాత్రం ‘నావల్ల కాదమ్మా’ అంటారు. పోనీ బాబుని తీసుకెళ్దామంటే పెద్దమ్మాయి ‘ఆ ఒక్కరోజు నువ్వొక్కదానివే రావా అమ్మా’ అంది. తమ్ముడంటే ప్రాణం పెట్టే పిల్ల. రాత్రి రెండింటికి షుగర్ చూడటానికి అలారం మోగితే నాకంటే ముందు లేచి లైటు వేస్తుంది. అలాంటి పిల్ల ఈ మాట అన్నదగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. మా తోడికోడలేమో ‘బిడ్డ అలా ఉంటే పట్టుచీర కట్టుకుని విందుకి పోతావా’ అంటోంది. వెళ్లనా, మాననా?
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం:

వెళ్లండమ్మా. బాబుని నాయనమ్మ దగ్గర వదిలి, మీ అమ్మాయితో మీరు వెళ్లండి. కాకపోతే ఆ సాయంత్రం సాఫీగా గడవాలంటే ఈలోపు ఇంట్లో కొన్ని పనులు జరగాలి. ఎక్కువగా వాటి గురించే రాస్తాను. ఎందుకంటే మీ భయం ఉత్తుత్తి భయం కాదు. ఇన్సులిన్ మీద ఉన్న ఆరేళ్ల పిల్లాణ్ని ‘కాస్త చూస్తుండండి’ అని చెప్పి గడప దాటడం కుదరదు.

ముందు మీ అమ్మాయి మాట. తమ్ముడి మీద కోపంతో అందో, నలుగురిలో నామోషీ అనుకుందో అని మీరు నలిగిపోతున్నట్టున్నారు. అర్ధరాత్రి మీకంటే ముందు లేచి లైటు వేసే పిల్లకి తమ్ముడంటే నామోషీ ఏముంటుంది? దసరా నుంచి మీ ఇంట్లో తిండి వేళలు, నిద్ర వేళలు, మాటలు అన్నీ బాబు షుగర్ చుట్టూనే తిరుగుతూ ఉంటాయి. తప్పదు మరి. ‘లెక్కల పరీక్ష ఎలా రాశావే’ అని దాన్ని అడుగుతూనే, జవాబు వినకుండా వాడి వేలు గుచ్చడానికి లేచి వెళ్లిన రోజులు ఎన్నో ఉండి ఉంటాయి. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఇప్పుడు అడిగింది. బాబు హాల్లో ఉంటే మీ కళ్లు స్టేజీ మీద ఉండవని, ఐస్‌క్రీం కౌంటర్ దగ్గర వాడి వెనకే ఉంటాయని దానికి తెలుసు. ఒక సాయంత్రం మీ ధ్యాస మొత్తం తన మీద ఉండాలని అడుగుతోంది. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకున్న పిల్ల, ఇన్ని నెలలుగా మీకు కుడిభుజంగా ఉన్న పిల్ల, ఆ మాత్రం అడగడం న్యాయమే.

అందుకని ‘తమ్ముణ్ని ఎందుకు వద్దన్నావు’ అని ఆరా తీయకండి. తీస్తే ఏడ్చి, ‘పోనీలే అమ్మా, నువ్వు రావద్దులే’ అంటుంది. మంచి పిల్లలు అలాగే అంటారు. ‘నేను వస్తున్నాను, నేనొక్కదాన్నే వస్తున్నాను’ అని ఇవాళే చెప్పేయండి.

మిమ్మల్ని వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. నా దృష్టిలో అదే ముఖ్యం. మీ ఇంట్లో బాబు సంగతి ఒక్కరికే తెలుసు. రేపు మీరే జ్వరంతో మంచం పడితే? మీ పుట్టింటి నుంచి ఫోనొచ్చి ఉన్నపళంగా బస్సెక్కాల్సి వస్తే? టైప్ వన్ షుగర్ నాలుగు నెలలు మందు వాడితే పోయేది కాదు. వాడు పెద్దవాడై తన పని తాను చూసుకునేదాకా ఇంట్లో కనీసం ఇద్దరికి ఇది చేతనవ్వాలి, ముగ్గురైతే మరీ మంచిది. ఈ డిన్నర్ లేకపోయినా మీ అత్తగారు, మీ వారు నేర్చుకోవాల్సిందే. రేపు, ఎల్లుండి అని వాయిదా పడుతూ వచ్చిన పనికి ఇప్పుడొక తేదీ దొరికింది. కాబట్టి మీరు వెళ్లడం బాబుని నిర్లక్ష్యం చేయడం అవదు. వాడికి రెండో కాపలా మనిషిని తయారు చేయడం అవుతుంది. మీ తోడికోడలికి కూడా ఇదే చెప్పండి. వినకపోతే వదిలేయండి. ఆవిడని ఒప్పించడం మీ పనుల్లో లేదు.

ఇక అత్తగారు. రోజూ తన వేలు తను గుచ్చుకునే మనిషికి సూదంటే భయం అనుకోను. నాకు తోచింది చెప్తాను, తప్పైతే మీకే తెలుస్తుంది. ‘నా షుగరే వాడికొచ్చింది’ అని ఆవిడ లోపల్లోపల కుమిలిపోతున్నారేమో. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇలాంటివి పైకి చెప్పరు, చేయి మాత్రం ముందుకు రాదు. ఆవిడ దగ్గర కూర్చుని విడమరిచి చెప్పండి. ఆవిడది టైప్ టూ, వాడిది టైప్ వన్. పేరొకటే గానీ జబ్బులు వేరు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థ పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీదే పడి వాటిని నాశనం చేస్తే వచ్చేది టైప్ వన్. నాయనమ్మ మాత్రల డబ్బాకీ దానికీ సంబంధం లేదు. ఆవిడ ముద్దుగా పెట్టిన లడ్డూల వల్లా రాలేదు. అలాగే మాత్రలతో, పసర్లతో వాడికి నడవదని కూడా చెప్పండి. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు చేసిన పిల్లలు బతికి బట్టకట్టిందే లేదు. మనవడి పొట్టలో దిగే ఆ సన్నని సూది వాడికి అన్నంతో సమానమని ఆవిడకి అర్థమైతే చాలు, చేయి దానంతటదే ముందుకొస్తుంది.

నేర్పేటప్పుడు ఒకేసారి అంతా నెత్తిన వేయకండి. రేపు పొద్దున ఆవిడ తన షుగర్ చూసుకున్నాక బాబుది కూడా ఆవిడ చేతే చూపించండి. గుచ్చే సూది మాత్రం ఎవరిది వాళ్లకే. వేలి చివర మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ, ఇది ఆవిడకి తెలిసే ఉంటుంది. చేతులు కడిగి తుడిచాకే గుచ్చాలి, ఎందుకంటే వేలికి ఏ బెల్లమో అరటిపండో అంటుకుని ఉంటే నంబరు తప్పు చూపిస్తుంది. నాలుగు రోజులు మీరు పక్కన కూర్చుని చూడండి, మధ్యలో చేయి పెట్టకండి. ఆ తర్వాత ఆవిడ చూస్తున్నంతసేపూ మీరు మేడ మీద ఉండండి. మరోరోజు సాయంత్రం కూరగాయలకని బజారుకి వెళ్లండి. ఫోన్ చేయకుండా గంట ఉండండి. ఇది ఆవిడకంటే మీకే ఎక్కువ అవసరం.

ఒక్క జాగ్రత్త. ఆవిడకి తన షుగర్ లెక్కలు బాగా అలవాటు. అవి వాడికి వాడకూడదు. తిన్న రెండు గంటలకి 220 కనిపిస్తే ఆవిడకి కంగారు పుడుతుంది, ‘ఈ పూట అన్నం తగ్గిద్దాం’ అనో, ‘నా మాత్ర సగం వేద్దాం’ అనో అనిపించొచ్చు. మాత్ర ముట్టుకోకూడదు. ఇన్సులిన్ వేశాక అన్నం తగ్గించకూడదు. చిన్నపిల్లాడి విషయంలో షుగర్ కాసేపు కాస్త ఎక్కువ ఉన్నదానికంటే, ఉన్నట్టుండి పడిపోవడమే ఆ సాయంత్రానికి పెద్ద ప్రమాదం. దీన్ని ఆవిడకి బాగా నాటుకునేలా చెప్పండి.

శనివారం సాయంత్రం అత్తగారు ఇంజెక్షన్ వేయాల్సిన అవసరం లేకుండానే గడిపేయొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి రాత్రి పడుకునే ముందు వేసేది ఎక్కువసేపు పనిచేసే రకం అయ్యుంటుంది. దాన్ని మీరు తిరిగొచ్చాక వేస్తారు. భోజనం ముందు వేసేది త్వరగా పనిచేసే రకమైతే, భోజనం ముందుకు జరిగినా ఇబ్బంది ఉండదు, ఇంజెక్షన్ కూడా దాంతోపాటే జరిగితే చాలు. అంటే ఆ రోజు బాబుకి ఆరింటికల్లా రాత్రి భోజనం పెట్టేయొచ్చు. ఏ రకమో, మధ్యాహ్నం డోసుకీ దీనికీ ఎంత ఎడం ఉండాలో మీ డాక్టర్‌నే అడగాలి. రెండు రకాలూ కలిపిన ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం ఇలా వేళలు జరపకూడదు, వాళ్లకి గడియారం ప్రకారమే నడవాలి.

ఆ పూట వాడు పేచీ పెట్టకుండా తినేదే వండండి. కొత్త కూరలు వద్దు. ఇంజెక్షన్ వేసి, తినిపించి, కంచం ఖాళీ అయ్యాకే బయల్దేరండి. ‘మిగతాది మీరు పెట్టండి అత్తయ్యా’ అని సగంలో వదిలి పరుగెత్తకండి. ఇన్సులిన్ లోపలికి వెళ్లాక అన్నం లోపలికి వెళ్లకపోవడం కంటే ప్రమాదం లేదు. ఆలస్యమైతే అవనివ్వండి. ఆరున్నర అని కార్డులో వేస్తారు గానీ దీపం వెలిగించి, కరస్పాండెంట్ గారు మాట్లాడేసరికి ఏడు దాటుతుంది. మీ అమ్మాయి ఫ్రెండ్స్‌తో ముందు వెళ్లినా ఫర్వాలేదు. మీరు ఆటోలో పట్టాలు దాటి, ఆ ట్రాఫిక్‌లో అమరావతి రోడ్డు చేరేసరికి అరగంట అనుకోండి. స్టేజీ వేళకి అందుకుంటారు. ముందురోజే క్లాస్ టీచర్‌కి చెప్తే మీ అమ్మాయి పేరు కాస్త వెనక పిలుస్తారు.

త్వరగా పనిచేసే ఇన్సులిన్ జోరు వేసిన గంట, రెండు గంటల మధ్య ఎక్కువ. ఆ సమయంలో మీరు హాల్లో ఉంటారు. అందుకే అత్తగారి డ్యూటీ అంతా ఏడు నుంచి తొమ్మిది మధ్యే. పక్కింటి పిల్లలతో పరుగులు వద్దు, ఎందుకంటే పరిగెత్తి ఆడితే షుగర్ ఇంకా దిగుతుంది. బొమ్మలో, కథలో, టీవీయో ఏదో ఒకటి. ఎనిమిదికి ఒకసారి వేలు గుచ్చి చూడాలి. త్వరగా తిన్నాడు కాబట్టి ఆకలంటాడు. ఆ నంబరుకి పాలివ్వాలా, ఏమీ ఇవ్వకూడదా అన్నది డాక్టర్‌ని ముందే అడిగి రాసి ఉంచండి. ఎనిమిదికి ముందే నిద్రపోయినా సరే, లేపకుండా వేలు గుచ్చి చూడాలి. ఒక్కోసారి షుగర్ పడిపోయిన పిల్లాడు కూడా నిద్రపోతున్నట్టే ఉంటాడు.

షుగర్ పడిపోయేటప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆవిడకి మీ బాబు గుర్తులే చెప్పండి. చాలామంది పిల్లలకి చెమటలు, వణుకు, మొహం పాలిపోవడం, కారణం లేకుండా చిరాకు పడటం, మాట తడబడటం ఉంటాయి. మీవాడు ఏం చేస్తాడు? పెదవులు కొరుక్కుంటాడా, ఊరికే ఏడుస్తాడా? అది చెప్పండి. అనుమానం వస్తే వెంటనే వేలు గుచ్చాలి, మెషీన్ దొరక్కపోతే తక్కువైందనే అనుకుని మొదలుపెట్టాలి. 70 కంటే తక్కువుంటే డాక్టర్ చెప్పిన కొలత ప్రకారం గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. చాక్లెట్ పెట్టొద్దనండి. అందులో కొవ్వు వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నోట్లో చుక్క నీరు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి ముందు 108కి ఫోన్ చేయాలి, తర్వాత మీకు. బాగా పడిపోయిన షుగర్‌ని పైకి తెచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో పెట్టుకోమని మీ డాక్టర్ చెప్పి ఉంటే దాన్ని వేయడం కూడా ఆవిడకి నేర్పాలి.

ఇదంతా ఆవిడ బుర్రలో పెట్టుకోనక్కర్లేదు. పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. కొలిచి పెట్టిన గ్లూకోజు పొట్లాలు, చెంచా, నీళ్ల గ్లాసు, మెషీన్, స్ట్రిప్పులు అన్నీ ఒకే పళ్లెంలో ఆవిడ పక్కన ఉండాలి. కింద వాటాలో బైకున్న కుర్రాడో, నమ్మకమైన ఆటో అతనో ఉంటే ఆ సాయంత్రం అందుబాటులో ఉండమని చెప్పండి. కొత్తపేట ఆసుపత్రులకైనా, జీజీహెచ్ పెద్ద ప్రభుత్వాసుపత్రికైనా పాతగుంటూరు నుంచి దూరమేమీ లేదు.

ఫోన్ సంగతి. హాల్లో సౌండు బాక్సుల హోరుకి బ్యాగులో మోగే ఫోన్ వినపడదు. వైబ్రేషన్‌లో పెట్టి చేతిలో ఉంచుకోండి. ఎనిమిదింబావుకి నంబరు ఎంతొచ్చిందో చెప్పడానికి ఆవిడ ఒక్కసారి చేయాలి. అది కాక ఇంకెప్పుడు మోగినా అవసరమని అర్థం. మీ అంతట మీరు చేయకండి, వీడియో కాల్ అసలే వద్దు. అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్లాడు మిమ్మల్ని చూడగానే ఏడుపు మొదలుపెడతాడు, అది చూసి మీరు లేచి వచ్చేస్తారు.

మీ వారి గురించి కొంచెం గట్టిగానే రాస్తాను. సీజన్ అంటే ఏమిటో గుంటూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మిర్చి టిక్కీల (బస్తాల) లోడ్లు వరసకట్టిన రోజుల్లో గుమాస్తా త్వరగా వెళ్తానంటే యజమాని మొహం మాడుస్తాడు. అయినా రెండు వారాలు ముందుగా ఒక్క శనివారం సాయంత్రం అడగొచ్చు. ‘పిల్ల టెన్త్ ఫేర్‌వెల్, ఇంట్లో ఇన్సులిన్ పిల్లాడున్నాడు’ అంటే కాదనే యజమానులు తక్కువ. ఏడున్నరకి ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చున్నా ఆవిడకి కొండంత ధైర్యం. ఇంకా మంచిది, ఆయన కూడా ఇంజెక్షన్ వేయడం నేర్చుకోవడం. ఇన్నాళ్లూ మీరే వేస్తున్నారంటే ఆయనకి ఇష్టం లేక కాదు, ఎవరూ చేతికి ఇన్సులిన్ పెన్ను ఇవ్వక అయ్యుంటుంది. రేపు రాత్రి పడుకునే ముందు వేసే డోసు మీరు పక్కనుండి ఆయన చేత వేయించండి.

వెళ్లకూడని పరిస్థితి కూడా ఉంది. ఆ రోజు బాబుకి జ్వరమో వాంతులో ఉంటే, షుగర్ బాగా పెరిగి మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) కనిపిస్తే, పొద్దుటి నుంచి షుగర్ మాటిమాటికీ పడిపోతుంటే మీరు ఇంట్లోనే ఉండాలి. అప్పుడు హాలుకి మీ వారు వెళ్లాలి. మీ అమ్మాయికి ఈ మాట ఇప్పుడే చెప్పండి: ‘తమ్ముడికి ఒంట్లో బాగుంటే నేను, బాగోకపోతే నాన్న. నువ్వు ఒంటరిగా మాత్రం స్టేజీ ఎక్కవు.’ ఆఖరి నిమిషంలో చెప్తే మళ్లీ తమ్ముడే గెలిచాడనిపిస్తుంది.

వెళ్లాక బాబు జబ్బు కబుర్లు వద్దు. తోటి తల్లులు అడుగుతారు, ‘ఇంత చిన్నపిల్లాడికి షుగరేంటండీ’ అని ఆశ్చర్యపోతారు. ‘బాగున్నాడండీ, నాయనమ్మ దగ్గరున్నాడు’ అని మాట మార్చేయండి. వాణ్ని దాచమని చెప్పడం లేదు, వేరేరోజు ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ సాయంత్రం మీ అమ్మాయి ఫ్రెండ్స్ ఎవరో, టీచర్లు దాని గురించి ఏమంటున్నారో వినండి. దాని పక్కన కూర్చుని తినండి. పట్టుచీర కట్టుకోండి, కట్టుకునే తీరాలి. అదీ చీర కడుతుందేమో కదా, టెన్త్ ఫేర్‌వెల్‌కి మన పిల్లలంతా కడుతున్నారు. ఐదింటికే కూర్చోబెట్టి కుచ్చిళ్లు మీ చేత్తో సర్ది పిన్నులు పెట్టండి. ఆ అరగంట బాబుని నాయనమ్మకి అప్పజెప్పండి, అది కూడా రిహార్సలే.

ఇంటికి రాగానే వాడు ‘నాకేం తెచ్చారు’ అంటాడు. ఏమీ లేదని అబద్ధం చెప్పకండి, చాటుగా తినకండి. టైప్ వన్ పిల్లలకి తీపి నిషేధం కాదు, లెక్క ఉండాలంతే. హాల్లో గులాబ్‌జామో మైసూర్‌పాకో పెడితే ఒక ముక్క తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం మధ్యాహ్నం భోజనంతో పాటు ఇవ్వండి. దానికి ఇన్సులిన్ ఎంత కలపాలో కూడా అడిగి పెట్టుకోండి. డాక్టర్‌ని అడగాల్సినవి చాలా పోగయ్యాయి కదా: భోజనం వేళ మార్చడం, ఎనిమిది గంటల నంబరు, గ్లూకోజు కొలత, గ్లూకగాన్, ఈ మిఠాయి. అన్నీ ఒక చీటీ మీద రాసుకుని, వీలైతే అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ఈ వారంలోనే ఒకసారి వెళ్లి రండి.